పంటి వెనక పేరు

పిండి పిసికేటప్పుడు రైఫిలు పక్కన పెట్టకూడదు. అడవిలో అది మొదటి నియమం. చెట్టుకు ఆనించకూడదు, బండ మీద పెట్టకూడదు, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదు. అందుకని వీపున రైఫిలుతోనే మోకాళ్ళ మీద కూచుని ఆవిరి రొట్టెకు పిండి పిసుకుతున్నాను. ఒంగినప్పుడల్లా గొట్టం చెవి వెనక తగులుతోంది. నది ఇసుక ఒడ్డున, మేడిచెట్టు కింద మా మకాం. అడవి చూడ్డానికి డబ్బు కట్టి వచ్చిన అతిథులు నలుగురూ బూట్లు విప్పి కాళ్ళకు లేచిన పొక్కులు చూసుకుంటున్నారు. మా ఆయన వెలాఫి దుంగ మీద కూచుని, తన రైఫిలు ఒళ్ళో పెట్టుకుని, వాళ్ళకు తన తండ్రి కథలు చెబుతున్నాడు.

"పోయినసారి రొట్టె గట్టిగా వచ్చింది, మాగుమేదె," అన్నాడు కథ మధ్యలో ఆగి. "ఇంకాస్త పిసుకు."

మాగుమేదె అంటే గుమేదె వాళ్ళ ఆడపిల్ల అని. మా జులూ ఇళ్ళలో కోడల్ని పుట్టింటి వంశం పేరుతోనే పిలుస్తారు. నా సొంత పేరు పెళ్ళినాడు చాపలతో, దుప్పట్లతో పాటు మోసుకొచ్చాను గాని, అత్తింట్లో దాన్ని ఎవరూ విప్పి చూడలేదు.

ఈ నడకకు మొదట్లో వంటమనిషి ఉండేవాడు. వెలాఫిని ముందు తుపాకీగా, నన్ను రెండో తుపాకీగా జంట కట్టాక, ఈ నడకలు నడిపే కంపెనీ మేనేజరు హెండ్రిక్ నవ్వుతూ అన్నాడు: "ఇంట్లో ఎలాగూ ఆవిడే కదా వండేది, అడవిలో ఇంకొకడెందుకు?" ఆ మాటకు వెలాఫి నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వులు అయ్యేసరికి వంటమనిషి లేడు. ముందు తుపాకీ అందరికంటే ముందు నడుస్తాడు, జాడ చూస్తాడు, దారి తేలుస్తాడు. రెండో తుపాకీ అతని వెనకే నడవాలి, వెనకాల వరసలో వచ్చే అతిథుల్ని కాచుకోవాలి. అంతవరకే ఉద్యోగం. ఈ రొట్టె, ఈ చారు, ఈ గిన్నెలు ఏ లెక్కలోకీ రావు. ఒకసారి ఆ సంగతి ఎత్తితే వెలాఫి నిజంగానే ఆశ్చర్యపోయాడు. "మనమిద్దరం తినేదే కదా, అందులో నలుగురికి ఇంత ఎక్కువ వెయ్యడానికి లెక్కలేమిటి?" అన్నాడు. చెడ్డవాడు కాదు. చలి రాత్రుల్లో తన దుప్పటి తీసి నా మీద కప్పే మనిషి. కాకపోతే కప్పిన సంగతి పొద్దున్నే నలుగురికీ చెబుతాడు.

అతిథుల్లో ఊవే అనే పెద్దాయన, ఆయన కూతురు బిర్గిట్ జర్మనీ నుంచి వచ్చారు. మిగతా ఇద్దరు కేప్‌టౌన్ భార్యాభర్తలు, ఎక్కువ మాట్లాడరు. బిర్గిట్ నా పక్కకొచ్చి గొంతుక్కూచుంది.

"నల్ల ఖడ్గమృగాన్ని మీ భాషలో ఏమంటారు?"

నేను కుండ మీద మూత పెట్టాను. "మా ఆయన్ని అడగండి," అన్నాను.

వెలాఫి చెప్పాడు. నోరారా రెండుసార్లు చెప్పాడు. బిర్గిట్ పలికింది, ఊవే పలికాడు, మాట్లాడని భార్యాభర్తలు కూడా పలికి చూసి నవ్వుకున్నారు. ఆ మాట మంట చుట్టూ తిరిగి నా దగ్గరికొచ్చి ఆగింది.

"ఆవిడ అనదు," అన్నాడు వెలాఫి, కాస్త గర్వంగానే. "ఆ జంతువు పేరే మా నాన్న పేరు. మా ఇళ్ళలో కోడలు మామ పేరెత్తదు. ఎత్తితే పోయిన పెద్దల్ని కూడా అవమానించినట్టే."

"మరి అది ఎదురైతే ఏమంటారు?" బిర్గిట్ నన్నే చూస్తోంది.

"ముళ్ళు మేసేది అంటాను."

"ఎంత అందంగా ఉందో," అంది.

వినేవాళ్ళకు అందంగానే ఉంటుంది.

పెళ్ళయిన మొదటి వారంలో మా అత్తగారు మాసితోలె నన్ను చాప మీద కూచోబెట్టి అనకూడని మాటలు అప్పజెప్పించింది. మామగారి పేరు, ఆయన తండ్రి పేరు, ఆ పేర్ల పోలిక ఉన్న మాటలు. ఒక్కోదానికీ బదులు ఇంకో మాట. పుట్టింట్లో గలగలా మాట్లాడిన భాష అత్తింటికొచ్చేసరికి చిల్లుల గిన్నె అయింది. ఏది కారిపోతుందోనని ప్రతి మాటకూ చెయ్యి అడ్డం పెట్టుకునేదాన్ని. "పెదవి దాటితే పృథివి దాటుతుంది, కోడలా," అనేది అత్తగారు. నెత్తిన గుడ్డ, భుజాల మీద శాలువా, గుడిసెలో ఎడమ పక్కనే నడక. కుడి పక్క మగవాళ్ళది. మామగారు ఎదురైతే తల వంచి తప్పుకోవాలి. ఆయన ఈ అడవిలో పేరు మోసిన జాడగాడు. దొరలు ఆయన వెనక పిల్లల్లా నడిచేవాళ్ళట. ఆయన ఖాకీ బట్టలకు అంటుకున్న పల్లేరుకాయలు ఏరింది నేను, ఆయన బూట్ల బురద గీకింది నేను. ఆయన చెమట వాసన నాకు తెలుసు, ఆయన దగ్గు తెలుసు, ఆయనకు ఏ పన్ను నొప్పో తెలుసు. పేరు మాత్రం నాకు అంటు. నా కూతురు లొందేకా నా వీపున ఉన్నప్పటి నుంచే తాత పేరును పాటలా పాడేది. దానికి తప్పు లేదు, అది ఆ ఇంట్లో పుట్టింది. నేను వచ్చినదాన్ని.

ఆయన పోయాక కంపెనీ వాళ్ళు గౌరవంగా ఈ నడకదారికి ఆయన పేరే పెట్టారు. మా యూనిఫారం జేబుల మీద ఆ పేరు పచ్చదారంతో కుట్టించారు. నోట అనకూడని పేరును గుండెల మీద వేసుకుని తిరుగుతాను, వారానికోసారి రుద్ది ఉతుకుతాను. దీన్ని గురించి అత్తగారిని అడిగితే, "ఉతకడం పలకడం కాదు," అంది.

గైడు చదువు కూడా నాకు అలాగే వచ్చింది, వంటింట్లోంచి. వెలాఫి పరీక్షకు కూచున్నప్పుడు పుస్తకం పట్టుకుని ప్రశ్నలు అడిగింది నేను. అతను మళ్ళీ మళ్ళీ తప్పు చెప్పిన జవాబులు నాకు కంఠతా వచ్చాయి. మరుసటేడు నేనూ రాస్తానన్నాను. "ఇంట్లో ఒక తుపాకీ చాలదా?" అన్నాడు. పాసయ్యాక హెండ్రిక్, "రెండో తుపాకీ ఆడదైతే అతిథులకు ముచ్చటగా ఉంటుందిలే," అన్నాడు. అప్పటి నుంచి నా కళ్ళ ముందు ఒకటే వీపు. ఆ వీపు మీది చెమట మరకలు ఏ నెలలో ఎలా ఉంటాయో కూడా చెప్పగలను.

ఆ వీపు పోయిన వానల నుంచి ఒక పక్కకు ఒరుగుతోంది. వెలాఫి కుడి మోకాలు పాడైంది. ఎగుడుదిగుళ్ళలో జాడ చూస్తూ నడవలేడు, పరుగెత్తడం అసలే కాదు. హెండ్రిక్‌కు ఎవరో చేరవేశారు. ఈ నడక మొదలయ్యే ముందు మమ్మల్నిద్దరినీ పిలిచి, నాతో అన్నాడు: "నువ్వు ముందు తుపాకీగా ఉంటావా, మాగుమేదె? ఉంటే నాకు సంతోషమే. కానీ గేటు దగ్గర ముందు తుపాకీయే నిలబడి చెప్పాలి కదా. దారి పేరే అనలేని మనిషిని ముందు ఎలా పెట్టను? ఆలోచించుకుని ఈ నడక అయ్యాక చెప్పు. లేకపోతే కొండ అవతలి క్యాంపు నుంచి ఒకతను వస్తానంటున్నాడు."

గేటు దగ్గర చెప్పడమనేది మామగారు పెట్టిన పద్ధతి. అడవిలోకి అడుగు పెట్టే ముందు, అందర్నీ తీసుకెళ్ళే మనిషి తన పేరు చెప్పి, వెళ్ళే దారి పేరు చెప్పి, అప్పుడు నడవాలి. పేర్లు చెప్పకుండా వెళితే దొంగల్లా చొరబడినట్టని ఆయన అనేవాడట. ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటి కూడా ఉంది. మీదికొచ్చే జంతువును పేరు పెట్టి గద్దించాలి. పేరు వింటే ఏదైనా ఒక్క క్షణం ఆలోచిస్తుంది, ఆ క్షణం చాలు, అనేవాడు. గద్దించడం ముందు తుపాకీ పని. రెండో తుపాకీకి నోటితో పని లేదు, కళ్ళూ చేతులూ చాలు. బహుశా అందుకే ఇన్నేళ్ళూ ఇంట్లో ఎవరికీ నా ఉద్యోగం అడ్డు అనిపించలేదు.

హెండ్రిక్ గది బయటికి రాగానే వెలాఫి నా మోచెయ్యి పట్టుకున్నాడు.

"చూడు, ఆయనకు నా మోకాలు బాగయిందని చెబుతాను. గేటు దగ్గర నేనే నిలబడతా. వంపు తిరగ్గానే నువ్వు ముందుకెళ్ళు, ఇప్పుడు ఎలాగూ వెళుతున్నావుగా. పని నువ్వు చెయ్యి, పేరు నాది ఉండనీ. ఇంట్లో గొడవుండదు, బయటివాడు రాడు."

అతనన్నది నిజం. వానల నుంచి మేము చేస్తున్నది అదే. గేటు కనబడినంత మేరా అతను ముందు, వంపు తిరిగాక నేను. ఆఖరి రోజు తిరిగొచ్చేటప్పుడు వంపు దగ్గర మళ్ళీ మారేవాళ్ళం. అతిథులు గమనించినా ఏదో అడవి పద్ధతి అనుకునేవాళ్ళు. మొగుడి మోకాలిని కాపాడుకోవడం పెళ్ళాం పనే కదా అని నేనూ అనుకున్నాను. కానీ 'పేరు నాది ఉండనీ' అని అతను పైకి అన్నాక ఆ మాట బూటులో పడ్డ రాయిలా గుచ్చుకుంటూనే ఉంది. హెండ్రిక్‌కు ఏం చెప్పాలో నాకు తేలలేదు. ఔనంటే అత్తింటికి అపరాధిని. కాదంటే ఎవడి వీపో ఒకటి చూస్తూ నడవాలి, బతికినంత కాలం.

మర్నాడు పొద్దున్నే నది దాటాం. దాటే ముందు రాత్రి పొయ్యిలోని బూడిద జల్లించి పాత మేజోడులో పోసుకున్నాను. గాలి ఎటు వీస్తోందో తెలుసుకోవడానికి దాన్ని విదిలిస్తాం. రేగిన బూడిద ఎటు పోతే గాలి అటు. వంటకు పేరు లేకపోయినా వంటబూడిదకు ఈ నడకలో గౌరవం ఉంది. అతిథులకు రోజూ చెప్పేదే మళ్ళీ చెప్పాను: "వరసగా నడవండి, మాట్లాడొద్దు. నేను చెట్టు అంటే చెట్టెక్కండి. ప్రశ్నలు తర్వాత." ఊవే నవ్వి, తనకు అరవై ఎనిమిదేళ్ళని, తన తోటలో యాపిల్ చెట్టు కూడా ఎక్కడం మానేశానని చెప్పాడు. చెప్పినవాడు వెలాఫి ఫొటో ఒకటి తీసుకుని, "మిమ్మల్ని కాపాడేవాడు ఇంట్లోనే ఉన్నాడు, అదృష్టవంతులు," అన్నాడు నాతో.

నది దాటాక ఎప్పటిలాగే నేను ముందు నడిచాను. ముందు నడవడం ఎలా ఉంటుందో నేను ఎవరికీ చెప్పలేదు. ముందు ఏ మనిషీ ఉండడు. సాలెగూళ్ళు మొదట నా మొహానికే తగులుతాయి. రాత్రి పడ్డ జాడలు ఎవరి బూటూ పడకుండా నా కోసమే ఉన్నట్టుంటాయి. చల్లగాలి ముందు నన్ను తాకి తర్వాత వెనకవాళ్ళ దగ్గరికి పోతుంది. అక్కడ నేను కోడల్ని కాను, తల్లిని కాను, రొట్టె గట్టిగా చేసే మనిషిని కాను. సంతోషం అంటే ఏమిటని ఎవరైనా అడిగితే నేను ఆ నడకే చూపిస్తాను. అది దొంగతనంగా దొరుకుతోందని మాత్రం ఆ పొద్దున బాగా తెలిసింది.

ముళ్ళచెట్లు దట్టమైన చోట రెమ్మలు కత్తితో కోసినట్టు ఏటవాలుగా తెగి ఉన్నాయి. తెగినచోట పచ్చి ఇంకా ఆరలేదు. నేను పిడికిలి ఎత్తాను. వెనక అడుగులన్నీ ఆగాయి. బూడిద విదిలించాను, గాలి మా మొహాల మీదికే ఉంది, మంచిదే. వెనక్కి తగ్గి చుట్టుదారిన పోదామని చెయ్యి తిప్పాను. అప్పుడు పొదలోంచి ఎర్రముక్కు పిట్టలు రెండు చిటచిటమంటూ లేచాయి. ఆ పిట్టలు ఒంటి మీద ఉన్నంతసేపూ దానికి అవే కళ్ళు. పొద విడిపోయి తల్లి కనబడింది. దాని వెనక పిల్ల. నల్లదాని పిల్ల ఎప్పుడూ తల్లి వెనకే నడుస్తుంది, తల్లి ముళ్ళు విరుచుకుంటూ దారి చేస్తుంది.

"చెట్టు," అన్నాను.

గాలి ఆ సమయానికే తిరిగింది. తల్లి తల పైకెత్తి బుస్సుమంది. ఆపైన నేరుగా నా మీదికి వచ్చింది. వెనక వెలాఫి అతిథుల్ని చెట్ల మీదికి తోస్తున్న అలికిడి వినిపిస్తోంది, కొమ్మ విరిగిన చప్పుడు, ఎవరిదో ఏడుపు. నా రైఫిలు భుజానికి వచ్చేసింది. కాలిస్తే తల్లి పోతుంది, పిల్ల పోతుంది. గురి తప్పితే మేమందరం. గద్దించాలి. గద్దించాల్సింది నేనే, ముందు ఉన్నది నేనే. 'ముళ్ళు మేసేది' అని పిలిచే వ్యవధి లేదు. అంత పొడుగు మాట మర్యాదగా చెప్పుకునేసరికి అది నన్ను దాటుకుపోయి ఊవేను కూడా పలకరించేది. నా కడుపులోంచి ఒక కేక వచ్చింది. అది ఆ పేరే. అది నా గొంతేనా అనిపించింది, అంత నిండుగా వచ్చింది. ఇంకోసారి అన్నాను. ఈసారి కావాలనే అన్నాను.

అది ఆగింది. ముందుకాళ్ళు దుమ్ములో పాతుకుని, చెవులు రెండూ నా వైపు తిప్పి, తల పక్కకు పెట్టి విన్నది. దాని ముక్కుపుటాలు నాకు కనిపిస్తున్నాయి. తర్వాత పక్కకు తిరిగి, తోక నిటారుగా ఎత్తి, ముళ్ళలోకి పరుగు తీసింది. పిల్ల దాని వెనకే.

రైఫిలు దించాను. ముళ్ళచెట్టు కొమ్మ మీద ఊవే వేలాడుతున్నాడు, ప్యాంటు నడుము నుంచి మోకాలి దాకా చీలిపోయింది, మనిషి క్షేమం. బిర్గిట్ ఏడుస్తూనే నవ్వుతోంది. దుమ్ము ఇంకా దిగలేదు. వెలాఫి కుంటుకుంటూ నా పక్కకొచ్చాడు, మొహంలో నెత్తురు లేదు. దెబ్బ తగిలిందా అని అడుగుతాడనుకున్నాను.

"నాన్న పేరు పలికావు," అన్నాడు.

"ముందు పెద్దాయన్ని చెట్టు దింపు," అన్నాను.

మిగతా నడక అంతా అతను నాతో మాట్లాడలేదు. ఆ సాయంత్రం రొట్టె మెత్తగా వచ్చింది, ఆ సంగతీ ఎవరూ అనలేదు. బిర్గిట్ మాత్రం నా పక్కన కూచుని గిన్నెలు తోమింది. ఆఖరి రోజు తిరిగొస్తుంటే వంపు దగ్గర వెలాఫి నన్ను ఆపి, ముందుకొచ్చాడు. మెల్లిగా, బుజ్జగిస్తున్నట్టు అన్నాడు: "భయంలో నోరు జారిందని అమ్మకు చెబుతాను. నువ్వు పుట్టింటికెళ్ళి ఒక మేకను తోలుకొచ్చి పెద్దల ముందు తప్పు ఒప్పుకో. అంతటితో సరి. హెండ్రిక్ సంగతి నేను చూసుకుంటా. చూశావుగా, ముందు నిలబడితే ఏం మాట వస్తుందో. ఆ చోటు నీకు సరిపడదు."

నోరు జారలేదు. రెండోసారి కావాలనే అన్నానని చెప్పబోయాను. ఎదురుగా గేటు కనబడుతోంది, అతను అప్పటికే ముందు నడుస్తున్నాడు. వీపు కుడి పక్కకు ఒరిగి ఉంది. జాలేసింది. ఆ జాలి వల్లే ఇన్నాళ్ళూ వెనక నడిచానని కూడా అనిపించింది.

పేరు పలికిన కోడలు మేక లేకుండా గడప దాటకూడదు. నేను ఇంటి బయట, పశువుల దొడ్డి పక్కన నిలబడ్డాను. అత్తగారు వాకిట్లో చాప మీద కూచుని చిక్కుడు గింజలు ఒలుస్తోంది. వెలాఫి ఆవిడకు చెప్పాల్సింది చెప్పి, హెండ్రిక్‌ను కలవాలంటూ వెళ్ళిపోయాడు. అత్తగారు తలెత్తలేదు. నశ్యం డబ్బీ తీసి, ఒక చిటికెడు పీల్చి, కళ్ళు తుడుచుకుంది.

"ఎక్కడ?" అంది.

"నది అవతల, ముళ్ళల్లో, అమ్మా."

"పిల్లతల్లా?"

"పిల్లతల్లే."

"పిలిస్తే ఆగిందా?"

"ఆగింది. విని, వెళ్ళిపోయింది."

ఆవిడ చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది. మామగారు ఎలా పోయాడో ఇంట్లో ఎవరూ మాట్లాడుకోరు. చివరి రెండేళ్ళూ ఆయనకు మతి తప్పింది. కొడుకునే ఎవరని అడిగేవాడు. ఒక మధ్యాహ్నం పాత ఖాకీ బట్టలు వేసుకుని అడవి కంచె వైపు వెళ్ళిపోయాడు. మర్నాడు వాగు రేవులో బోర్లా దొరికాడు. నాకు తెలిసింది అంతే. అత్తగారు అప్పుడు పొలంలో ఉందని, ఆయన్ని చూసిందని నాకు తెలియదు.

"నేను చూశాను," అంది ఆవిడ, గింజల గిన్నెకు చెబుతున్నట్టు. "గట్టు మీద పోతున్నాడు. బాబా, బాబా అని, తండ్రిని పిలిచినట్టు పిలిచాను. మఖెదామా అని వంశం పేరు పెట్టి పిలిచాను. పిల్లల పేర్లు చెప్పి ఫలానావాళ్ళ నాన్నా అన్నాను. లోకంలో ప్రతి మగాడూ ఎవరికో ఒకరికి బాబానే, ఆయనెందుకు తిరిగి చూస్తాడు? ఆనాటికి ఆయనకు తన పేరొక్కటే గుర్తుంది, మాగుమేదె. చిన్నపిల్లాడిలా ఆ పేరుకే పలికేవాడు. ఆ పేరు నా నోట్లోనే ఉంది. ఇక్కడ, పంటి వెనక." వేలితో బుగ్గ మీద చూపించింది. "యాభై ఏళ్ళు దాచుకున్నదాన్ని. ఆ రోజు కూడా రాలేదు."

ఇన్నేళ్ళూ ఆ ముసలామె నాకు వేసిన తాళాలే చూశాను. ఆమె నోటికి అవే తాళాలు, ఇంకా పాతవి, తుప్పు పట్టినవి, ఉన్నాయని నాకు తట్టలేదు. నాకు నేర్పిన మాటలన్నీ ఆమె అప్పజెప్పి నేర్చుకున్నవే.

"మేక తెస్తావా?" అంది.

"తేను, అమ్మా."

"ఊరు ఊరుకోదు."

"తెలుసు."

ఆవిడ నా మొహంలోకి చూసింది. ఆ ఇంటికొచ్చాక ఆవిడ నా కళ్ళలోకి అంతసేపు చూడటం అదే మొదలు. కోపం ఉందేమోనని వెతికాను. అలసట కనిపించింది. "తప్పు తప్పే, తప్పు కాదని నేను చెప్పను," అంది. "మేక కోసం నేను మాత్రం అడగను. వాడు అడిగితే నువ్వే సమాధానం చెప్పుకో." గింజలు మళ్ళీ ఒలవసాగింది. నేను వెళ్ళబోతుంటే వెనక నుంచి, "ఒకసారి అను," అంది చాలా మెల్లిగా. "నేను వింటాను."

చాప దగ్గరికి వెళ్ళి, ఆమె చెవి దగ్గర ఒంగి అన్నాను. కళ్ళు మూసుకుని విన్నది. పెదాలు కదిలాయి గాని ఏమీ బయటికి రాలేదు. చెయ్యి ఊపి నన్ను పొమ్మంది.

నేను అటు నుంచి అటే హెండ్రిక్ దగ్గరికి నడిచాను. వెలాఫి అక్కడే ఉన్నాడు, కుర్చీలో మోకాలు చాపుకుని. తన మోకాలు బాగయిందని అప్పటికే చెప్పేశాడు, హెండ్రిక్ తల ఊపేశాడు కూడా.

"మోకాలు బాగవలేదు," అన్నాను. "వానల నుంచి ముందు నడుస్తున్నది నేనే. ఇక నుంచి నా పేరుతోనే నడుస్తాను. వంటకు వేరే మనిషిని పెట్టండి."

వెలాఫి మొహం నల్లబడింది. "మాగుమేదె," అన్నాడు. నాకు ఆ పిలుపు ఎప్పుడూ అంత బరువుగా వినిపించలేదు. హెండ్రిక్ మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మరి గేటు దగ్గర?" అన్నాడు.

"గేటు దగ్గరికి రండి, వినండి," అన్నాను.

ఆ నడుమ రోజుల్లో వెలాఫి మేక మాట రోజూ ఎత్తాడు. ఒకసారి బతిమాలాడు, ఒకసారి అరిచాడు, ఒకసారి, "నీ వెనక నేను నడవాలా?" అని మాత్రం అడిగి ఊరుకున్నాడు. ఆ మూడోది నిజమైన ప్రశ్న. "గేటు దగ్గర కూచునే పని ఇస్తారట, నీ ఇష్టం. నడుస్తానంటే నా వెనక చోటుంది, నేను నిన్ను చూసుకుంటాను," అన్నాను. అత్తగారు ఆ మాటలన్నీ విని కూడా విననట్టు చాప అల్లుకుంటూ కూచుంది. వాకిట్లోకి మేక రాలేదు, ఆవిడ అడగనూ లేదు. పక్కింటివాళ్ళు అడిగితే, "మా ఇంటి సంగతి," అందట.

కొత్త గుంపు వచ్చిన రోజు ఉతికిన యూనిఫారం వేసుకున్నాను. అతిథులు ఆరుగురు, బూట్లింకా కొత్తవి, గేటు ముందు అర్ధచంద్రంగా నిలబడ్డారు. హెండ్రిక్ జీపుకు ఆనుకుని చూస్తున్నాడు. కొత్త వంటమనిషి సామాన్లు కడుతున్నాడు. వెలాఫి రెండో తుపాకీ చోట నిలబడ్డాడు. ఏళ్ళ అలవాటు, అందరూ చూపు తిప్పగానే అతను ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచాడు. నేను అతని చేతి మీద చెయ్యి వేశాను, గట్టిగా కాదు. అతను ఆగాడు. అడుగు వెనక్కి తీసుకోలేదు గాని నోరు మూశాడు.

నా పేరుకు అర్థం, పశువులు తిరిగొచ్చాయి అని. నేను పుట్టినప్పుడు నాన్న, మా అమ్మ కోసం కన్యాశుల్కంగా ఇచ్చిన ఆవులు రేపు నా పెళ్ళితో మళ్ళీ దొడ్డికి చేరతాయని ఆ పేరు పెట్టాడు. ఎవరి లెక్కలో పెట్టిన పేరైనా, పెట్టింది నాకే. పెళ్ళయ్యాక నలుగురి ముందు దాన్ని నేను ఎప్పుడూ చెప్పలేదు. నాలుక మీద అది కొత్తగా ఉంది.

"సానిబోనాని, అందరికీ నమస్కారం," అన్నాను. "నా పేరు జిబుయిలే. ఇది భేజానే దారి. నా వెనక నడవండి."